బోటు పాతది, ఇంజిన్ కొత్తది: వెనక పలకని ఏం చేద్దాం?

"మావా, కొత్తింజిను బేరమాడేసినాను. యెనక సెక్క ఆగుద్దా, ఆగదా?"

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలై బోట్లు ఒడ్డెక్కాయంటే, జూన్ 14 దాకా నా షెడ్డుకొచ్చే కుర్రాళ్లలో సగంమంది అడిగేది ఇదే. శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం వైపు ఫైబర్ పని చేస్తాను. ఇటు భావనపాడు దాకా, అటు విజయనగరం జిల్లా కోనాడ, చింతపల్లి దాకా పాత బోట్ల వెనక పలకలు చాలానే విప్పి చూశాను. ఇంజిన్ కొనేశాక అడిగినవాడికి నేను చెప్పేదాంట్లో సగమే పనికొస్తుంది. కొనకముందు అడిగితే డబ్బూ మిగులుతుంది, ఒక్కోసారి ఇంజినూ మిగులుతుంది.

నేను మాట్లాడేది చిన్న బోట్ల గురించి. ఇసుక మీంచి పదిమంది నెట్టి నీళ్లలో దింపేవి, 8 నుంచి 10 హార్స్‌పవర్ ఇంజిన్ వెనక తగిలించుకునేవి. అంతకంటే పెద్ద ఇంజిన్ పెడదామనుకునేవాళ్లు ముందు బోటు కట్టినవాడిని అడగాలి. పాత బోటుకి గుర్రాలు పెంచితే పలక ఒక్కటే కాదు, పక్క గోడలూ అడుగూ కూడా కదులుతాయి.

ముందు సుత్తి, తర్వాత టేపు

ఫైబర్ బోటు వెనక పలకని ట్రాన్సమ్ అంటారు. అది చూడ్డానికి మొత్తం ఫైబరే, కానీ బయటొక తొక్క, లోపలొక తొక్క, మధ్యలో ప్లైవుడ్. బలమంతా ఆ మధ్య చెక్కది. ఫైబర్ కుళ్లదు, చెక్క కుళ్లుతుంది. నీరు పోయేది ఎప్పుడూ మనం పెట్టిన కన్నాల్లోంచే: పాత ఇంజిన్ బోల్టులు, నీరు తీసే బిరడా రంధ్రం, ఎప్పుడో కట్టు తాడు కోసం కొట్టిన స్క్రూ. పైన రంగు కొత్తగా మెరుస్తుంటుంది, లోపల మాత్రం పదేళ్లుగా నానుతుంటుంది.

సుత్తి పిడితో పైనుంచి కిందకి, వరసగా జానెడు జానెడు దూరంలో కొట్టి వినండి. బాగున్న చోట గట్టిగా "టక్" అంటుంది. పాడైన చోట తడి మూటని కొట్టినట్టు "దబ్" అంటుంది. అనుమానం వచ్చిన చోట లోపలివైపు నుంచి, బిరడా రంధ్రానికి కాస్త పైన, 5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో కన్నం పెట్టండి. బయటి తొక్క దాకా పోవద్దు. రాలే పొట్టు పొడిగా, చెక్క రంగులోనే ఉంటే అదృష్టం. వడగట్టి పారేసిన టీపొడిలా నల్లగా, ముద్దగా వస్తే పలక పోయినట్టే.

కిందటేడు ఒక తమ్ముడి బోటుకి ఇలాగే కన్నం పెట్టాను. డ్రిల్లు బయటికి లాగగానే గోధుమరంగు నీళ్లు మొదలై బీడీ కాలినంతసేపు కారాయి. "మొన్న వాన పడింది గదా మావా, ఆ నీరేమో" అన్నాడు. ఏం మాట్లాడకుండా వేలు తడిపి అతని ముందు పెట్టాను. నాలిక్కి తగిలించుకుని మొహం చిట్లించాడు. ఉప్పు. వాన నీరైతే ఉప్పుండదు గదా. కన్నం పూడ్చకుండానే టార్పాలిన్ కప్పుకుని పోయాడు. మర్నాడు వచ్చి ఇంజిన్ బేరం వాయిదా వేసుకున్నానని చెప్పాడు.

ఇంకో పరీక్ష ఉంది. పాత ఇంజిన్ బోటుకే ఉంటే, దాన్ని పైకెత్తి, నీళ్లలో దిగే దాని కాలు చివర పట్టుకుని ఒకరు కిందకీ మీదకీ ఊపాలి, ఇంకొకరు పలక పక్క గోడల్ని కలిసే మూలల దగ్గర కళ్లు పెట్టాలి. మూలలో వెంట్రుకంత గీత తెరుచుకుని మూసుకుంటున్నా సరే, ఆ పలకకి కొత్త ఇంజిన్ బిగించకూడదు.

షార్ట్ షాఫ్టా, లాంగ్ షాఫ్టా

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. పలక మధ్యలో పై అంచు నుంచి బోటు అడుగు దాకా టేపు పెట్టి కొలవండి. 15 అంగుళాలకి అటూఇటూ ఉంటే పొట్టి కాలు ఇంజిన్, అంటే షార్ట్ షాఫ్ట్. 20 అంగుళాలకి అటూఇటూ ఉంటే పొడుగు కాలుది, అంటే లాంగ్ షాఫ్ట్. ఇంజిన్ బిగించాక ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఉండే రెక్క ప్లేటు బోటు అడుగుతో సమంగానో, అంగుళం లోపు కిందకో ఉండాలి. దానికి పైకి పోతే ప్రొపెల్లర్ గాలి మింగి ఊరికే అరుస్తుంది. మరీ కిందకి పోతే కాలు నీళ్లని దున్నుతూ ఆయిల్ (ఇంధనం) ఎక్కువ తాగుతుంది. చెక్క నావలకి అడుగు దూలం లావుగా ప్రొపెల్లర్ ముందు దాకా వస్తుంది కాబట్టి నీరు చెదిరి వస్తుంది. వాటికి దూలం చివర్ని రెండు పక్కలా చెక్కి పలచన చేస్తే మంచిది.

"లాంగ్ షాఫ్ట్ తీస్తే కాలు ఇసక్కి తగులుద్ది" అనే మాట మా ఒడ్డున గట్టిగా పాతుకుపోయింది. తప్పు. ఏ ఇంజినైనా రెక్క ప్లేటు బోటు అడుగు దగ్గరే కూర్చోవాలి కదా. కాబట్టి అడుక్కి కింద వేలాడే కాలు రెండిట్లోనూ ఒకటే. తేడా అంతా పైన ఉంది: లాంగ్ షాఫ్ట్‌తో ఇంజిన్ తల నీటికి ఇంకో 5 అంగుళాలు ఎక్కువ ఎత్తులో ఉంటుంది, పలకా అంత ఎక్కువ ఎత్తు ఉంటుంది. అంటే వెనక నుంచి వచ్చే కెరటానికి 5 అంగుళాల గోడ ఎక్కువ. మన బోట్లు ఒడ్డుకొచ్చేది కెరటం వీపు మీద, మన వీపేమో కెరటం వైపు. అప్పుడు ఆ 5 అంగుళాలు ఎంత విలువైనవో వేరే చెప్పక్కర్లేదు.

అందుకని నా మాట: పలక 20 అంగుళాలుంటే, చవగ్గా షార్ట్ షాఫ్ట్ దొరికిందని పలకని కోసి దించొద్దు. పలక 15 అంగుళాలే ఉండి, ఎలాగూ కొత్త చెక్క వేస్తున్నారంటే, అప్పుడే 20కి పెంచేసి లాంగ్ షాఫ్ట్ తీసుకోండి. ఖర్చులో కలిసిపోతుంది. పైన కొత్తగా లేపిన భాగం పాత పలక మీద అతుకులా కూర్చోకూడదు, అడుగు నుంచి పై దాకా ఒకే చెక్కగా రావాలి.

చేతిలో ఉన్న దారులు

ప్లేటు వేసి బిగించడం చవకైనది. పలక లోపలా బయటా అల్యూమినియం రేకులు పెట్టి నట్లు బిగిస్తారు. చెక్క బాగుండి, పాత బిగింపు గుంటలు పడిన చోటుని కప్పుకోవడానికైతే ఇది మంచి పనే. కుళ్లిన చెక్క మీద వేస్తే మాత్రం పుండు మీద కట్టు. రేకుల మధ్య మెత్తటి చెక్క నలిగిపోతూ ఉంటుంది, వారం వారం నట్లు వదులవుతాయి, మనం బిగిస్తాం, ఇంకా నలుగుతుంది.

కొత్త చెక్క వేయడం ఖరీదు, పది రోజుల పని. లోపలి తొక్క కోసి, కుళ్లిందంతా గోకి, కొత్త ప్లై అతికించి, మళ్లీ ఫైబర్ మ్యాట్ (గాజు నార పట్టీ) వేసి మూయాలి. నన్నడిగితే, పదేళ్లు దాటిన బోటుకి ఇంజిన్ మారుస్తుంటే మూడొంతుల సందర్భాల్లో దారి ఇదే. ఇంజిన్ ధరతో పోలిస్తే ఇది చిన్న ఖర్చు. నిషేధకాలంలో ప్రభుత్వం ఇచ్చే సాయం, 2025లో బుడగట్లపాలెంలో మొదలుపెట్టిన 20,000 రూపాయల్లోంచే దీనికి తీసేవాళ్లు ఉన్నారు.

పలక బయట లోహపు బ్రాకెట్ తగిలించి, దాని మీద ఇంజిన్ బిగించడం చూడ్డానికి దర్జాగా ఉంటుంది. పలక ఎత్తు ఇంజిన్‌కి కుదరకపోయినా, బ్రాకెట్‌ని కిందకో మీదకో పెట్టుకోవచ్చు. పలక కోయక్కర్లేదు, బోటు లోపల చోటూ మిగులుతుంది. కానీ దీని లెక్క అర్థం చేసుకోవాలి. ప్రొపెల్లర్ బోటుని ముందుకి నెడుతున్నప్పుడు ఇంజిన్ బిగింపు కింది అంచు పలకని లోపలికి నొక్కుతుంది, పై అంచు పలకని వెనక్కి లాగుతుంది. ఇంజిన్ బరువు కూడా పై బోల్టుల్నే వెనక్కి లాగుతుంది. నీటి బిందెని ఒంటికి ఆనించి పట్టుకోవడం వేరు, చెయ్యి చాచి పట్టుకోవడం వేరు. బ్రాకెట్ ఇంజిన్‌ని 10 అంగుళాలు వెనక్కి జరిపితే పలక చెయ్యి చాచి పట్టుకున్నట్టే. అంటే బ్రాకెట్‌కి మామూలు కంటే గట్టి పలక కావాలి. పలక బాగోలేదని బ్రాకెట్ పెట్టేవాళ్లు సరిగ్గా తిరగేసి చేస్తున్నారు.

నేనూ ఒకప్పుడు తిరగేసే చేశాను. మా నాన్న బోటుకి, నా చేత్తోనే. కొట్టువాడు గట్టిదని ఇచ్చిన ఇనుప బ్రాకెట్, నాలుగు బోల్టులు, లోపల రూపాయి బిళ్లంత వాషర్లు. వంశధార మొగలో, ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసుక దిబ్బకి ఇంజిన్ కాలు తగిలింది. చప్పుడేమీ పెద్దగా లేదు, గుడ్డ చిరిగినట్టు వినిపించింది. వెనక్కి తిరిగితే ఇంజిన్ లేదు, పలక పై భాగం లేదు. ఇంజిన్ పడిపోకుండా కట్టిన గొలుసు ఉంది కదా అంటారేమో, ఆ గొలుసుని కూడా నేను అదే పలకకి కొట్టాను. పాటు మీద మూడో రోజు దొరికింది ఇంజిన్. ఇసుక నిండిపోయింది, తూకానికే ఇచ్చాం.

ఆ నాలుగు వాషర్లు నాలుగు గుండ్రటి కన్నాలు చేసుకుని చెక్కలోంచి అలాగే బయటికి జారిపోయాయి. పై బోల్టులకి లోపల వాషర్ కాదు, పలక అడ్డంగా సగం దాకా వచ్చే ప్లేటు వేయాలని అప్పుడు తెలిసింది.

వేగంగా ఎగిరిపోయే బోట్లకి బ్రాకెట్ 12 అంగుళాలు వెనక్కి జరిగితే ఇంజిన్‌ని అంగుళం పైకి ఎత్తాలనే లెక్కొకటి ఉంది. మనం వలా ఐసూ వేసుకుని మెల్లగా పోయేవాళ్లం, అది మనకి పట్టదు.

పలకలో గాడి కోసి ఇంజిన్‌ని దించడం నాలుగో దారి. షార్ట్ షాఫ్ట్ ఇంజిన్ ఇప్పటికే ఇంట్లో ఉంది, పలకేమో ఎత్తు, అప్పుడు వేరే దారి ఉండదు. చేస్తే గాడిని ఆనుకుని బోటు లోపల ఒక తొట్టి కట్టి తీరాలి, ఎక్కిన నీరు బోట్లోకి రాకుండా అందులో పడి బయటికి పోయేలా. తొట్టి ముందు గోడ వేసే ముందు ఇంజిన్‌ని ఒకసారి పూర్తిగా పైకెత్తి చూడండి. కాలు పైకి లేస్తే తల బోటు లోపలికి వాలుతుంది. గోడ దగ్గరగా కట్టేసి, ఇంజిన్ సగమే లేస్తోందని మళ్లీ పగలగొట్టించుకున్నవాళ్లు ఉన్నారు.

బోటు మధ్యలో బావి తీసి ఇంజిన్ దించేవాళ్లు, పక్క గోడకి బిగించేవాళ్లు కూడా కనిపిస్తారు. పక్కన బిగిస్తే బోటు ఒకవైపు లాగుతూ ఉంటుంది. బావిలో ఇంజిన్ పూర్తిగా లేవదు, చేప పెట్టుకునే చోటు పోతుంది. నేను రెండూ వద్దంటాను. పొడుగు కడ్డీ చివర ప్రొపెల్లర్ ఉండే లాంగ్ టెయిల్ డీజిల్ ఇంజిన్ సంగతి వేరే, అది పలక మీద కాదు, లోపల స్టాండు మీద కూర్చుంటుంది. పలక ఎంత పోయినా దానికి ఫరవా లేదు. లోతు తక్కువ ఏరుల్లో, వలలు, నాచు ఉన్న చోట అది రాజు. చప్పుడూ, ఊపుడూ భరించాలి అంతే.

మీ ఒడ్డు ఏ ఒడ్డు?

ఎంపిక చివరికి ఇక్కడ తేలుతుంది. కళింగపట్నం, బందరువానిపేట లాంటి చోట్ల కెరటం చీల్చుకుని వెళ్లి, కెరటం మీదే ఇసక మీదకి దూకాలి. చివరి కెరటంలో ఇంజిన్ ఆపి, ఒక్క ఊపులో ఎత్తేయాలి. ఆ ఒడ్డున ఎత్తు పలక, లాంగ్ షాఫ్ట్, కొత్త చెక్క, ఇంజిన్ నేరుగా పలక మీదే. బ్రాకెట్ వద్దు. ఎందుకంటే ఒడ్డు తగిలాక బోటుని వెనక నుంచి భుజం పెట్టి నెట్టేది ఆ పలకనే. బయటికి పొడుచుకొచ్చిన ఇనుము మోకాళ్లకి తగులుతుంది, బోటు తిరగబడితే ముందు వంగేదీ అదే.

భావనపాడు పాయలోనో, కోనాడ దగ్గర చంపావతి మొగ లోపలో బోటు కట్టుకునేవాళ్లకి కెరటం బాధ తక్కువ, లోతు బాధ ఎక్కువ. పలక గట్టిదని సుత్తి చెప్తే వాళ్లు బ్రాకెట్ పెట్టుకోవచ్చు. ఎత్తు మార్చుకునే స్ప్రింగు బ్రాకెట్ ఐతే లోతు తక్కువ చోట ఇంజిన్‌ని కాస్త లేపుకుని నడపచ్చు. అది ఎన్ని కిలోలకి, ఎన్ని హార్స్‌పవర్‌కని చెక్కి ఉంటుంది, చూసే కొనండి.

రెండు ఒడ్లవాళ్లకీ ఒక చిన్న పరీక్ష. పాత 2 స్ట్రోక్ తీసి 4 స్ట్రోక్ పెడుతుంటే సామాన్యంగా బరువు పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో అన్ని కిలోల ఇసుక బస్తా పలక దగ్గర పెట్టి, ఆయిల్ డబ్బా, వల, ఇద్దరు మనుషులతో బోటుని నిలకడ నీళ్లలో దింపండి. వెనక నీరు ఎక్కడిదాకా వచ్చిందో సుద్దతో గీయండి. ఆ గీతకీ పలక పై అంచుకీ మధ్య జాగా చూస్తే మీకే అర్థమవుతుంది. తక్కువగా ఉంటే ఆయిల్ డబ్బానీ ఐసు పెట్టెనీ ముందుకి జరపండి. అప్పటికీ చాలకపోతే తేలిక ఇంజిన్ చూసుకోండి.

సరుకు కొనేటప్పుడు

ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి. మెరైన్ ప్లైకి మన దేశపు ప్రమాణం అదే. "ఇది కూడా వాటర్‌ప్రూఫే బాబూ" అని 303 ముద్రది చేతిలో పెడతారు, అది వంటింటి అలమరాకి. రెండు 18 మిల్లీమీటర్ల పలకల్ని అతికించి 36 చేస్తే, తొక్కలతో కలిపి చిన్న ఇంజిన్ బిగింపు నోటికి సామాన్యంగా సరిపోతుంది. అయినా ఇంజిన్ నోరు ఎంత తెరుచుకుంటుందో ముందు కొలుచుకోండి. ముక్క కోశాక అంచులు నాలుగువైపులా రెజిన్‌తో తడపందే లోపల పెట్టొద్దు. ప్లై నీరు తాగేది అంచుల్లోంచే.

డబ్బుంటే చెక్క అతకడానికి ఎపాక్సీ. లేదంటే ఐసో రెజిన్, పాలిస్టర్‌లోనే మేలు రకం. మామూలు పాలిస్టర్ పాత ఫైబర్‌కి అంత బాగా పట్టదు, కనీసం 40 నంబరు ఉప్పుకాగితంతో మెరుపంతా పోయేలా గరుకు చేయాలి. మే నెల మిట్టమధ్యాహ్నం ఈ పని పెట్టుకుంటే రెజిన్ డబ్బాలోనే ఉడికిపోతుంది. తెల్లవారుజామున మొదలుపెట్టండి. ఐసో, పాలిస్టర్ రెజిన్లకైతే హార్డనర్ తగ్గించి కలపండి, కిలో రెజిన్‌కి 10 గ్రాములకి దగ్గరగా. ఎపాక్సీకి ఇలా తగ్గించొద్దు. మ్యాట్ ఒకేసారి మూడు నాలుగు పొరలు మించొద్దు, వేడికి పగులుతుంది. ఇంకొకటి, రెజిన్ త్వరగా గట్టిపడ్డానికి వేసే కోబాల్టునీ హార్డనర్నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయొద్దు, భగ్గుమంటుంది. ముందు కోబాల్టు రెజిన్‌లో బాగా కలిశాకే హార్డనర్.

బోల్టులు స్టెయిన్‌లెస్ 316. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి మంచిదే అని కొట్టులో చెప్తారు, 304కీ అంటుకోదు, ఉప్పునీళ్లలో అది ముందు చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. కన్నం పెట్టేటప్పుడు 8 మిల్లీమీటర్ల బోల్టుకి ముందు 12 మిల్లీమీటర్లు తొలిచి, ఎపాక్సీ ముద్దతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో 8 తొలవాలి. అప్పుడు బోల్టు పక్కనుంచి నీరు దిగినా చెక్కకి తగలదు. బిరడా రంధ్రానికీ ఇంతే. ఈ ఒక్క పని చేసి ఉంటే నేను విప్పిన పలకల్లో చాలావాటికి నా అవసరమే పడేది కాదు.

పలక నిట్టనిలువుగా ఉన్న పాత బోటైతే ఇంకో చిన్న మెలిక. ఇంజిన్ బిగింపులు వెనక్కి 12 డిగ్రీలు వాలిన పలక కోసం చేసినవి. నిలువు పలకకి బిగిస్తే కాలు వెనక్కి పోయి బోటు ముక్కు లేస్తుంది. ఇంజిన్ వాలు సరిచేసే పిన్నుని బోటుకి దగ్గరి కన్నంలో పెట్టినా తగ్గకపోతే, పైన మందంగా కింద పలచగా ఉండే చెక్కని పలకకీ ఇంజిన్‌కీ మధ్య పెట్టించండి.

ఇంజిన్ మారిందంటే బోటు కాగితాల్లోనూ మారాలి. మీ ఊరి మత్స్య సహాయకుణ్ణి నిషేధం ముగియకముందే కలిసి, ఇంజిన్ నంబరు రాయించుకోండి. ఆయిల్ సబ్సిడీ దగ్గర పేచీ ఉండదు.

జూన్ 15న దిగాక మొదటి రెండు వేటలకీ స్పానర్ వెంట ఉంచుకోండి. రేవుకొచ్చిన ప్రతిసారీ బోల్టులు పావు తిప్పు తిరుగుతున్నాయేమో చూడండి. మూడోసారి కూడా తిరిగితే చెక్క నలుగుతున్నట్టు, బోటు ఒడ్డెక్కించాల్సిందే. ఇంజిన్ పడిపోకుండా కట్టే తాడు మాత్రం పలకకి కట్టొద్దు. బోటు మధ్య అడ్డచెక్కకి, బొటనవేలంత లావు నైలాన్ తాడు, ఇంజిన్ పూర్తిగా లేచేంత వదులుగా. మా నాన్న బోటు తర్వాత నేను చేసిన ప్రతి బోటుకీ ఆ తాడు నేనే కట్టి పంపిస్తున్నాను, దానికి డబ్బు తీసుకోను.